దూరముననున్న బావికిని వాగునకును కావలి

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట యను సామెత మన రైతులకు బావిగట్టున ననుభవమునకు వచ్చినట్లు మఱెచ్చటను రాదు. రాత్రి రెండు గంటలవేళ మూడు ఫేజులలో నొకటి పోవును. మోటారు మిగిలిన రెండింటిమీద మూలుగుచు వేడెక్కి, తుదకు లోపలి చుట్టలు కాలిపోవును. తెల్లవారి రైతు పొలమునకు పోయి చూచినపుడు గాని యా సంగతి తెలియదు. అప్పటికి నష్టము జరిగియే యుండును. మోటారు పైకి తీయు కూలి, చుట్టలు మార్పించు ఖర్చు, నీరులేక వాడిన మడి, ఈ మూడును నొక్క రాత్రి ఫలితములే.

విచారించి చూడగా మన నష్టములలో చాలభాగము వస్తువు చెడుటవలన గాక, చెడినదను వార్త ఆలస్యముగ చేరుటవలన కలుగుచున్నది. దూరముననున్న వస్తువు తన స్థితిని తానే కొలుచుకొని, తీగతో నిమిత్తము లేకయే యా కొలతను మన యింటికి పంపు పద్ధతికి టెలిమెట్రీ యని పేరు. దూరమాపనమని మనము చెప్పుకొనవచ్చును. ఇట్టి యంత్రములనేకము ఇంటర్నెట్టు ద్వారా కలిసి పనిచేయు నేర్పాటును నేడు ఐఓటీ యని పిలుచుచున్నారు. పేరు క్రొత్తదైనను పని క్రొత్తది కాదు. చేనిమంచె మీద కావలివాడు చేయు పని యిదియే. వికారాబాదు, తాండూరు ప్రాంతముల రైతులు దీనిని ఎంతవరకు నమ్మవచ్చునో, ఎచ్చట నమ్మరాదో యీ వ్యాసమున వివరింప దలచితిమి.

మూసీ నేర్పిన పాఠము

మన అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ తూర్పుముఖముగ హైదరాబాదు నగరము మీదుగ పోవుచున్నది. ఆ కొండల ప్రాంతముననే పుట్టిన కాగ్నా పడమరగ తాండూరు ప్రక్కనుండి పోయి భీమానదిలో కలియుచున్నది. తుదకు రెండు నీళ్లును కృష్ణలోనే చేరును. కావున మన గుట్టలమీద పడిన వాన కొన్ని గంటలకు పరుల యూళ్ల సంగతి యగును.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీకి వచ్చిన వరదలో హైదరాబాదున సుమారు 15,000 మంది మరణించిరని యంచనా. ఎగువ వాన వార్తను నీటికంటె వేగముగ కొనిపోయి ప్రతి గడపను తట్టగల సాధనము ఆ కాలమున లేదు. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నగరమునకు ఎగువన జలాశయములు కట్టుట నిశ్చయింపబడెను. 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును పూర్తియైనవి. కట్ట నీటిని ఆపును. అయితే ఎంత నీరు వచ్చుచున్నదో ముందుగ తెలిసినగాని తలుపులెప్పుడు ఎత్తవలెనో తెలియదు. కట్ట యెంత ముఖ్యమో వార్తయు నంత ముఖ్యము.

మన రైలు మార్గముననే జరిగిన పరీక్ష

దూరవార్తను నమ్మి ప్రాణములను అప్పగింపవచ్చునా యను ప్రశ్నకు సమాధానము మన యూళ్ల ప్రక్కనే దొరకినది. వాడి నుండి తాండూరు, వికారాబాదుల మీదుగ హైదరాబాదునకు పోవు మార్గము 1874లో వేయబడినది. ఈ మార్గమున లింగంపల్లి, వికారాబాదు, వాడిల నడుమను, వికారాబాదు, బీదరుల నడుమను కలిపి సుమారు 250 కిలోమీటర్ల మేర ‘కవచ్’ అను రక్షణ యంత్రాంగమును రైల్వేవారు మొదట పరీక్షించిరి. ప్రయాణికుల బండ్లపై పరీక్షలు 2016 ఫిబ్రవరిలో ఆరంభమైనవి. 2020లో దీనిని దేశమంతటికిని స్వీకరించిరి.

దాని పని యిట్టిది. పట్టాల క్రింది స్లీపర్లకు చిన్న బిళ్లలు బిగింపబడియుండును. ఇంజను క్రిందనున్న యంత్రము వాని మీదుగ పోవునపుడు ఆ బిళ్ల చెప్పు స్థలమును చదువుకొనును. ఒక బిళ్లనుండి మఱియొక బిళ్లవఱకు చక్రము తిరిగిన లెక్కనుబట్టి దూరమును గుణించుకొనును. స్టేషనులోని యంత్రము ముందున్న సిగ్నలు ఎట్లున్నదో, ఎంతదూరము పోవుటకు అనుమతి యున్నదో రేడియో ద్వారా ఇంజనునకు తెలుపును. డ్రైవరు ఎఱ్ఱ సిగ్నలును దాటబోయినను, వేగము మితిమీరినను ముందు హెచ్చరించి, ఆతడు వినకున్న తానే బ్రేకు వేయును. గేటు సమీపించినపుడు తానే కూత వేయును. అంతేగాక బండ్ల నడకను ఒక కేంద్రము నుండి ఎప్పటికప్పుడు కనిపెట్టుటకు వీలు కలదు.

2022 మార్చి 4వ తేదీన వికారాబాదు మార్గముననే గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషనుల నడుమ రైల్వేమంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు స్వయముగ ఇంజనులో కూర్చుండి దీనిని పరీక్షించిరి. ముందు ఒక ఇంజను నిలిచియుండగా వెనుకనుండి వచ్చిన ఇంజను దానికి 380 మీటర్ల దూరముననే తనంత తాను ఆగెను. 2024 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మార్గమున ఈ యేర్పాటు అమర్చబడినది.

రైతునకు రైలుబండితో పనియేమని కొందఱు అడుగవచ్చును. ఈ యేర్పాటులోని మూడు సూత్రములు మన బావికిని సరిగ్గా సరిపోవును.

మొదటిది, ప్రమాదమును ఆపు పని అక్కడికక్కడ జరుగవలెను. బ్రేకు వేయుటకు ఇంజను దూరపు కేంద్రము ఆజ్ఞకై వేచియుండదు. అట్లే ఫేజు పోయినపుడు మోటారును ఆపు పని బావివద్ద డబ్బాయే చేయవలెను. మన టెలిఫోనునకు వార్త వచ్చుట తరువాతి మాట.

రెండవది, వార్త రాకపోవుట క్షేమమునకు గుర్తు కాదు. మౌనము అర్ధాంగీకారమను సామెత మనుష్యులకు చెల్లునేమో గాని యంత్రములకు చెల్లదు. వార్త తెగినచో నంతయు బాగుగ నున్నదని తలపక, కీడెంచి మేలెంచు పద్ధతిని అవలంబించునట్లు అది నిర్మింపబడవలెను.

మూడవది, వార్త చేరిన పిమ్మట దానికి బాధ్యుడగు మనుష్యుడొకడు ఉండవలెను. ఎవరును చదువని వార్త పంపబడని వార్తతో సమానము.

వాన కొలత

ఇట్టి యంత్రము ఏదైనను నాలుగు భాగములుగ నుండును. కొలుచు పరికరము, కొలతను వ్రాసి దాచుకొను పెట్టె, సందేశమును మోయు సిమ్ కార్డు లేక రేడియో, వీనికి బలమిచ్చు బ్యాటరీయు సౌరఫలకమును. మండలములలో గట్టి కంచె నడుమ స్తంభముపై కనబడు స్వయంచాలక వాతావరణ కేంద్రము ఇట్టిదే. తెలంగాణ ప్రభుత్వ అభివృద్ధి ప్రణాళికా సంస్థవారు రాష్ట్రమునందు వెయ్యికి పైబడి యిట్టి కేంద్రములను నెలకొల్పిరి.

వానను అది కొలుచు విధము చాల సులభమైనది. గరాటు క్రింద తక్కెడవలె రెండు చిన్న దొప్పలుండును. ఒక దొప్ప నిండగానే ఒరిగి నీటిని పారబోయును, రెండవ దొప్ప పైకి వచ్చును. ఒరిగిన ప్రతి పర్యాయమును పెట్టె ఒక గుర్తు వేసికొనును. గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లును, దొప్ప పట్టునది 10 మిల్లీలీటర్లును అయినచో ఒక్కొక్క యొరుగు అర మిల్లీమీటరు వానకు సమానము. పండ్రెండు పర్యాయములు ఒరిగిన 6 మిల్లీమీటర్లు.

ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరముపై పడిన నీరు 4,047 లీటర్లు. ఈ లెక్కను సభ్యులు జ్ఞాపకముంచుకొనవలెను. వర్షాధారపు పంటలకు తేలిక నేలలలో 50 నుండి 60 మిల్లీమీటర్లు, బరువు నేలలలో 60 నుండి 75 మిల్లీమీటర్లు వాన పడిన పిమ్మటనే విత్తవలెనని వ్యవసాయశాఖవారు చెప్పుచుందురు. 60 మిల్లీమీటర్లనగా ఎకరమునకు సుమారు 2 లక్షల 43 వేల లీటర్ల నీరు. తొలకరి జల్లునకు ఆశపడి తాండూరు నల్లనేలలో కంది విత్తి, మొలక ఎండిపోయి, మఱల విత్తనములు కొనువారు కలరు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి పేరు తెచ్చినది మన నేల. ఆ నేలకు ఎంత తడి యందినదో కంటిచూపుతో అంచనా వేయుటకంటె కొలుచుట మేలు.

అయితే మండలమునందలి కేంద్రము చెప్పినది మన చేని వాన కాకపోవచ్చును. వాన ఎద్దు కొమ్ముకు ఇవతల పడి అవతల పడకపోవుట మనకు తెలిసినదే. మఱియు గరాటులో ఎండుటాకు పడినను, పిట్ట గూడు కట్టినను కుంభవృష్టి కురిసినపుడు సైతము యంత్రము సున్న యనియే పంపును. ఆ సున్నను నమ్మి అధికారి లెక్క వేసినచో రైతునకు అన్యాయము జరుగును. దీనికి విరుగుడు ఇంకొక కొలత. నిటారు గోడలు గల వెడల్పైన డబ్బాను చెట్టునకు దాని యెత్తునకు రెండింతల దూరమున, బయట, కదలకుండ పాతి, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు అందులోని నీటిలోతును స్కేలుతో కొలిచినయెడల వానమిల్లీమీటర్లు తెలియును. వాతావరణశాఖవారు దినపు వానను లెక్కించు వేళయు నదియే. సంఘపు పుస్తకములో సంతకముతో వ్రాసిన యీ లెక్క, యంత్రపు లెక్కకు సాక్షిగ నుండును. రెండును పొసగనప్పుడు ఆ దినమే అధికారులకు వ్రాయవచ్చును. ఆఱు నెలల పిమ్మట పంటనష్టపు తగవులో వాదించుట వృథా.

బావివద్ద పెట్టె

ఇక మన ఇంటి సంగతికి వత్తము. సిమ్ కార్డు గల మోటారు స్టార్టరును నేడు చాలమంది అమర్చుకొనుచున్నారు. టెలిఫోను చేసిన మోటారు ఆడును, మఱల చేసిన ఆగును. కరెంటు వచ్చిన వార్త, పోయిన వార్త తెలుపును. ఫేజు తప్పినను, ఓల్టేజి పడిపోయినను మోటారును ఆపును. బావిలో నీరు తగ్గి మోటారు వట్టిగ తిరుగునపుడు అది పీల్చు కరెంటు తగ్గును గనుక, ఆ తగ్గుదలను బట్టి నీరు లేదని గ్రహించి ఆపగలదు. రాత్రివేళ చీకటిలో గట్లవెంట నడచి, పామును త్రొక్కియో, తడిచేతితో డబ్బాను ముట్టియో ప్రాణములు పోగొట్టుకొను దుర్గతి దీనివలన చాలవఱకు తప్పును. ఈ యొక్క కారణము చాలును దీనిని మెచ్చుటకు.

కాని దీనిలోనే రెండు గండములు కలవు. ఒకటి, ఇంటివద్ద కుమారుడు మీట నొక్కుచుండగా బావివద్ద తండ్రి తీగలను సవరించుచుండవచ్చును. మోటారు ఆగియున్నది గదాయని చేయి పెట్టరాదు. అది ఏ క్షణమున నెవరి మాటతో ఆడునో తెలియదు. కావున మరమ్మతునకు ముందు మెయిన్ స్విచ్చి దించి, ఫ్యూజులను తీసి తన జేబులో వేసికొని, స్విచ్చి పెట్టెకు తాళము వేయవలెను. ఈ నియమమును ఇంటిల్లిపాదికి చెప్పవలెను.

రెండవది నీటి దుబారా. తెలంగాణమున వ్యవసాయ మోటార్లకు 24 గంటల ఉచిత విద్యుత్తు 2018 జనవరి 1న ఆరంభమైనపుడు ఆటో స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను పలుమాఱు కోరెను. కారణము స్పష్టమే. కరెంటు వచ్చినప్పుడెల్ల తానే ఆడు మోటారు, మడి నిండినదా లేదా యని చూడదు. గంటకు 10,000 లీటర్లు పోయు మోటారు అవసరమునకు మించి ఆఱు గంటలు ఆడినచో 60,000 లీటర్లు వృథా. ఇది ఎకరముపై సుమారు 15 మిల్లీమీటర్ల వానకు సమానము. అంతటి వానకై మనము ఆకాశమువైపు ఎన్ని దినములు చూచుచుందుమో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఇంటినుండి మీట నొక్కు సౌకర్యము దొరకినవానికి ఆపుట మఱచు సౌకర్యమును దొరకును. కావున ఇన్ని నిమిషములకు తనంత తాను ఆగవలెనను గడువు లేని పెట్టెను కొనరాదు.

కరెంటు ఉచితమైనను బోరులోని నీరు ఉచితము కాదు. ప్రక్కవాని బోరును మన బోరును ఒకే రాతిపగుళ్లలోని నీటిని త్రాగుచున్నవి. నీటిమట్టమును కొలుచుటకు భూగర్భజలశాఖవారు ప్రత్యేకముగ పరిశీలన బావులు త్రవ్వించి, కొన్నిటియందు తానుగ కొలత పంపు పరికరములను అమర్చిరి. అందులో నీటిలోనికి దించిన చిన్న గొట్టము తనపైనున్న నీటి యొత్తిడిని గ్రహించును. 10 మీటర్ల నీరు చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలో బరువు వేయును. ఒత్తిడి తగ్గిన నీరు దిగినదని యర్థము. గ్రామమున ఒక పాడుబడిన బోరునైన యీ పనికి కేటాయించి, బరువుగట్టిన టేపుతో నెలకొక్కమాఱు మట్టమును కొలిచినను యాసంగిలో ఎన్ని ఎకరములు వరి వేయవచ్చునో కూర్చుండి నిర్ణయించుకొనవచ్చును. పొరుగువానితో పోటీగ క్రొత్త బోరు దింపుటకంటె ఈ టేపు చవుక.

పొగగొట్టపు లెక్క

తాండూరు ప్రాంత రైతులకు ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. సిమెంటు కర్మాగారములతో కూడ 17 తరగతుల పరిశ్రమలు తమ పొగగొట్టములందు ఎడతెగక కొలుచు పరికరములను అమర్చి, ఆ లెక్కలను కాలుష్య నియంత్రణ మండళ్లకు నేరుగ పంపవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించెను. ఇది రైతులకు మేలు చేయు నేర్పాటే. కాని పొగగొట్టములోని పరికరము పొగగొట్టములోని ధూళినే కొలుచును. నాపరాతి గనులనుండియు, లారీలు నడచు మట్టిబాటలనుండియు లేచి కంది పూతపై పడు ధూళిని అది యెఱుగదు. కావున యంత్రపు లెక్క బాగుగనున్నదని ఎవరైన చెప్పినపుడు, ఏ స్థలపు లెక్కయని ముందడుగవలెను. కొలువని చోట కష్టము లేదనుట న్యాయము కాదు.

సంఘములు చేయదగిన పనులు

ఒక్కొక్క రైతు వేర్వేరుగ ఈ యంత్రములను కొనినచో అమ్మువాని మాటయే వేదవాక్యమగును. పది మంది కలిసినచో బేరమును, మరమ్మతును మన చేతిలో నుండును. ఏ కంపెనీ పేరును మేమిచ్చట చెప్పబోము. సంఘములు ఈ క్రింది విధముగ నడచుట మంచిదని మా యభిప్రాయము.

1. కొనుటకు ముందు, గత మూడేండ్లలో సభ్యులు మోటార్ల చుట్టలు మార్పించుటకు ఎంత వ్యయపఱచిరో లెక్క వ్రాయవలెను. పెట్టె వెల అంతకు మించినచో తొందరపడ నక్కరలేదు.

2. బావివద్ద ఏ టెలిఫోను సంకేతము బాగుగ అందుచున్నదో మబ్బు దినముననే పరీక్షించి సిమ్ కార్డు తీసికొనవలెను. సంకేతము లేని లోయలో ఎంత మంచి పెట్టెయు మూగదే.

3. మొదట రెండు బావులపై ఒక పంటకాలము పరీక్షించి, వచ్చిన ప్రతి వార్తను, అది నిజమో కాదో ఒక పుస్తకములో వ్రాయవలెను. పిమ్మటనే తక్కినవారు కొనవలెను.

4. పెట్టె దినమునకొకమాఱైన తాను పనిచేయుచున్నట్లు తెలుపవలెను. ఆ వార్త రానినాడు బావివద్దకు పోయి చూచు మనిషిని ముందే నిర్ణయింపవలెను.

5. గ్రామమున ఇద్దఱు యువకులకు ఫ్యూజు, బ్యాటరీ, సిమ్ కార్డు మార్చుట నేర్పింపవలెను. పట్టణమునుండి మనిషి వచ్చువఱకు నీరులేక పంట ఆగదు.

6. పెట్టెలో చేరిన మన బావుల లెక్కలు ఎవరివద్ద నుండునో, సంవత్సరపు రుసుము చెల్లింపనిచో అవి మనకు దొరకునో లేదో అమ్మకపు కాగితముననే వ్రాయించుకొనవలెను. మన నీటి లెక్క మన ఆస్తి.

7. యంత్రము చెడినను చేతితో నడుపు మీట ఎల్లప్పుడు పనిచేయు స్థితిలో నుండవలెను.

ఈ యంత్రములు వాన కురిపింపవు, బోరులో నీరు పుట్టింపవు. జరిగినదానిని వేగముగ చెప్పుట మాత్రమే వాని పని. విని లేచి పోవలసినవారము మనమే. రైలుపట్టాలపై 380 మీటర్ల దూరమున ఇంజను ఆగుటకు కారణము, వార్త చేరిన క్షణమున ఏమి చేయవలెనో ముందే నిర్ణయింపబడియుండుటయే. మన సంఘములును ఆ నిర్ణయమును ముందే చేసికొనిన యెడల, బావిగట్టున చేతులు కాలువఱకు వేచియుండ నక్కరలేదు. వచ్చు సర్వసభ్య సమావేశమున వాన కొలుచు డబ్బాను, నీటిమట్టపు టేపును, వానికొక పుస్తకమును సమకూర్చుటతో ఈ పనిని ఆరంభింపవలసినదిగ సభ్యులను కోరుచున్నాము. వాని వెల కొలది రూపాయలే. వానిని నియమముగ వాడుట అలవడిన గ్రామమునకే పెద్ద యంత్రము ఉపయోగపడును.